ఫ్లెక్సీ మీద ముఖం ఎవరి సొత్తు?

జోగులాంబ గద్వాల జిల్లా అయిజ నుంచి ఎవరైనా పిల్లవాడు రాష్ట్రస్థాయి కబడ్డీకి ఎంపికైతే రెండు రోజుల్లో చౌరస్తాలో ఫ్లెక్సీ లేస్తుంది. పైన వరసగా గుండ్రటి చట్రాల్లో నాయకుల ముఖాలు. ఒక పక్కన నిలువెత్తున చేతులు జోడించిన దాత. కింద మూలన, మెడలో పతకంతో మన ఆటగాడు. 'శుభాకాంక్షలతో' అన్న మాట తర్వాత ఒక ఎరువుల దుకాణం పేరో, ఒక ప్రైవేటు కాలేజీ పేరో, సెల్ నంబరుతో సహా. పిల్లవాడి ఇంట్లో వాళ్లకు ఇందులో తప్పేమీ కనిపించదు, దాని ముందు నిలబడి ఫొటోలు కూడా దిగుతారు. సంతోషమే. కాని లెక్క వేస్తే, ఆ ఫ్లెక్సీ వల్ల నాయకుడికి ప్రచారం, దుకాణానికి గిరాకీ, కాలేజీకి వచ్చే ఏటి అడ్మిషన్లు. ఎవరి ముఖం పెట్టుకుని ఇదంతా నడిచిందో అతన్ని మాత్రం 'పెట్టుకోవచ్చా' అని అడిగినవాళ్లు లేరు.

ఆటగాడి పేరు, ముఖం, గొంతు, జెర్సీ నంబరు – వీటి మీద వచ్చే రాబడి ఎవరికి చెందాలి అనే తగాదా అమెరికా కాలేజీల్లో ఏళ్ల తరబడి నడిచింది. అక్కడ అది తేలిన తీరు తెలిస్తే, మన దగ్గర ఏది ఉందో ఏది లేదో విడమర్చుకోవడం సులువవుతుంది.

అమెరికాలో కాలేజీ ఆటలంటే మన అంతర్ కాలేజీ పోటీల్లాంటివి కావు. అది పెద్ద వ్యాపారం. ఒక్క బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ప్రసార హక్కులకే 2025 నుంచి 2032 దాకా ఎనిమిదేళ్లకు 880 కోట్ల డాలర్ల ఒప్పందం ఉంది. ఈ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. దాని పాత నియమం ఒక్కటే: కాలేజీ ఆటగాడు ఔత్సాహికుడు, అతనికి ఫీజు, హాస్టల్, తిండి ఇస్తాం, అంతకు మించి తన ఆట పేరు చెప్పి ఎక్కడా పైసా తీసుకోకూడదు. కోచ్‌లకు మాత్రం ఏడాదికి కోట్లలో జీతాలు. 2010లో జార్జియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు ఏ.జె. గ్రీన్ తాను వేసుకున్న జెర్సీని వెయ్యి డాలర్లకు అమ్ముకున్నాడని నాలుగు మ్యాచ్‌లు ఆడకుండా కూర్చోబెట్టారు. అదే సమయంలో అతని 8వ నంబరు జెర్సీలను యూనివర్సిటీ దుకాణం అమ్ముతూనే ఉంది.

అయిజ ఉన్న ఈ నడిగడ్డ ప్రాంతపు రైతుకు ఈ తిరకాసు విడమర్చి చెప్పనక్కర్లేదు. సాయంత్రం మొగ్గలు గిల్లి, మర్నాడు పొద్దున్నే ఒక్కో పువ్వుకూ పుప్పొడి అద్ది విత్తన పత్తి పండించేది అయిజ, గట్టు, మల్దకల్ రైతులు. ప్యాకెట్ మీద మెరిసేది కంపెనీ బ్రాండు. మధ్యలో ఆర్గనైజరు. రైతు చేతికి వచ్చేది వాళ్లు చెప్పిన ధర. చాలాసార్లు ఒప్పంద కాగితం నకలు కూడా రైతు దగ్గర ఉండదు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, దానితో మళ్లీ పనిపడుతుంది.

ఈ కథలో మలుపు ఒక వీడియో గేమ్ దగ్గర వచ్చింది. ఎడ్ ఓబానన్ అనే ఆయన 1995లో యూసీఎల్‌ఏ కాలేజీ జట్టు బాస్కెట్‌బాల్ చాంపియన్‌షిప్ గెలిచినప్పుడు అందులో ముఖ్యుడు. చాలా ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో పిల్లవాడు ఆడుతున్న గేమ్‌లో తనను తాను చూసుకున్నాడు. అదే ఎత్తు, అదే గుండు, అదే ఎడమ చేతి వాటం, అదే 31వ నంబరు. పేరొక్కటి రాయలేదు. గేమ్ కొన్నవాళ్లు డబ్బు కట్టారు, అమ్మినవాళ్లకు వచ్చింది, కాలేజీలకు వాటా పోయింది. ఓబానన్‌కు కబురు కూడా లేదు. 2009లో ఆయన కోర్టుకెక్కాడు. 2014లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఎన్‌సీఏఏ నియమం పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చారు. పై కోర్టు దాన్ని కొంత తగ్గించింది గాని మొత్తానికి గోడకు బీట పడింది.

ఆ తర్వాత జోరు పెరిగింది. 2019 సెప్టెంబరు 30న కాలిఫోర్నియా గవర్నరు సంతకంతో, ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదిస్తే కాలేజీలు అడ్డుకోరాదన్న చట్టం వచ్చింది. మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. మంచి ఆటగాళ్లంతా కాలిఫోర్నియాకు పోతారని భయం మరి. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఆ కేసు నేరుగా పేరు, ముఖం గురించి కాదు, చదువుకు సంబంధించిన సాయం మీద పరిమితుల గురించి. అయినా సంఘానికి సంగతి అర్థమైంది. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద సంపాదించుకోవచ్చని తలుపులు తీసేసింది.

తీసీ తీయగానే విచిత్రాలు మొదలయ్యాయి. 2022లో నెబ్రాస్కా యూనివర్సిటీకి వచ్చిన ఒక కుర్ర ఫుట్‌బాల్ ఆటగాడి అసలు పేరే డికోల్డెస్ట్ క్రాఫర్డ్. అక్కడి ఏసీలు బిగించే కంపెనీ ఒకటి అతన్ని ప్రకటనలో పెట్టుకుంది. ఆటకన్నా ముందు పేరే అన్నం పెట్టిందన్నమాట. లూసియానాలో జిమ్నాస్ట్ ఒలీవియా డన్ సోషల్ మీడియా అభిమానుల బలంతో పెద్ద పెద్ద ఒప్పందాలు చేసుకుంది. ఇంకోవైపు, పాత విద్యార్థులూ వ్యాపారులూ నిధులు పోగేసి, 'మా కాలేజీకి వస్తే ఇంత' అని పిల్లలను వేలంలో పిలవడం మొదలైంది. పేరుకు ప్రకటన ఒప్పందం, లోపల జీతం. చివరికి 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీని అదే న్యాయమూర్తి విల్కెన్ ఆమోదించారు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఇకమీదట కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. 600 డాలర్లు దాటిన బయటి ఒప్పందాలను పరిశీలనకు చూపించి, నిజమైన ప్రకటనేనా కాదా తేల్చుకోవాలి. ఈ డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ వాళ్లకే పోతోందన్న గొడవ ఇంకా నడుస్తోంది. ఈతగాళ్లు, జావెలిన్ విసిరేవాళ్లు, ఆడపిల్లలు తమ సంగతేమిటని అడుగుతున్నారు, అడగాల్సిందే.

ఇందులో తెలుగువాళ్లు ఎక్కడ? విజయవాడలో పుట్టిన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీ తరఫున ఆడాడు. 2011 నాటికే అక్కడి చదువు ముగిసింది గనక, రాకెట్ కంపెనీ వెయ్యి డాలర్లు ఇస్తానన్నా తీసుకోరాని కాలం అది. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి టెక్సస్‌లోని శాం హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడింది. ఇప్పుడు వెళ్లేవాళ్లకు కాలేజీ తలుపు తెరుచుకుంది గాని వీసా తలుపు మూసే ఉంది. ఎఫ్-1 సంగతి మన ఇళ్లలో ఎవరికి తెలియదు? క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, బయట పనిచేస్తే వీసాకు ముప్పు. ప్రకటనలో నటించడం, ఆటోగ్రాఫుల కార్యక్రమానికి వెళ్లడం పని కిందికి వస్తుంది. పక్క మంచం మీది అమెరికన్ అమ్మాయి షూ కంపెనీ చెక్కు తీసుకుంటుంటే, అదే జట్టులో ఆడే మన అమ్మాయి చూస్తూ ఉండాలి. కాంగో నుంచి వచ్చి కెంటకీకి ఆడిన ఆస్కర్ షిబ్‌వే 2022లో జట్టుతో బహామాస్ పర్యటనకు వెళ్లినప్పుడు, అమెరికా గడ్డ దాటాడు గనక, అక్కడే ఒప్పందాల పనులు చక్కబెట్టుకున్నాడు. తెలివైన ఉపాయమే. లాయరును అడగకుండా మన పిల్లలు దాన్ని అనుసరించడం మాత్రం తగదు.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. చాలామంది అనుకునేదానికి భిన్నంగా, మన యూనివర్సిటీ క్రీడల్లో అమెరికాలో ఒకప్పుడున్నలాంటి నిషేధం లేదు. 2020లో భువనేశ్వర్‌లో జరిగిన మొదటి ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడల్లో ద్యుతీ చంద్ కిట్ యూనివర్సిటీ తరఫున 100 మీటర్లు గెలిచింది. అప్పటికే ఆమెకు ప్యూమాతో ఒప్పందం ఉంది. ఎవరూ ఇదేమిటని అడగలేదు. పి.వి. సింధు హైదరాబాద్ సెయింట్ ఆన్స్ కాలేజీలో చదువుకుంటూనే పెద్ద బ్రాండ్లకు ముఖమైంది. అమెరికాలో మార్కెట్ ఉండేది, నియమం అడ్డం వచ్చేది. ఇక్కడ నియమం అడ్డం లేదు, మార్కెట్టే లేదు.

ఎందుకు లేదో ఒక ఉదాహరణ చూడండి. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అది 2002 నుంచి అనురాధ బిస్వాల్ పేరు మీద ఉంది. రికార్డు బద్దలైనట్టే కదా? కాలేదు. అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదు, జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య పరిశీలకుడు లేడు. పుస్తకాల్లోకి ఆ పరుగు ఎక్కలేదు. రెండేళ్లు ఆగి 2022 మేలో సైప్రస్‌లో 13.23తో ఆమె ఆ రికార్డును అధికారికంగా చెరిపేయాల్సి వచ్చింది. దేశంలో అతి పెద్ద కాలేజీ పోటీల్లో అంత వేగంగా పరిగెత్తినా లెక్కలోకి రాలేదంటే, టీవీ కెమెరా, ప్రేక్షకులు, షూ కంపెనీ మనిషి అక్కడ ఉంటారని ఎలా ఆశిస్తాం? చూసేవాళ్లు లేనిచోట పేరుకు ధర పలకదు.

అందుకే మన దగ్గర ఆటగాడి దారి వేరు. పాలమూరు యూనివర్సిటీ జట్టులో చోటు దొరికిందంటే ఇంట్లో మొదట అడిగేది 'సర్టిఫికెట్ వస్తదా' అని. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో స్థానం వస్తే ఫామ్-3 అనే సర్టిఫికెట్, దాంతో స్పోర్ట్స్ కోటా, దాంతో ఉద్యోగం. పైకి ఎదిగితే ఖేలో ఇండియా కింద నెలకు 10,000 రూపాయల ఖర్చుల భత్యం, ఇంకా పైకి పోతే ఒలింపిక్ పతకాలే లక్ష్యంగా కేంద్రం నడిపే 'టాప్స్' పథకం కోర్ జాబితాలో నెలకు 50,000. పతకం తెస్తే ప్రభుత్వ నజరానా. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన వరంగల్ జిల్లా దీప్తి జీవాంజికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. 2025లో అండర్-19 ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన భద్రాచలం గొంగడి త్రిషకు కోటి. మంచిదే. కాని ఈ నజరానాలన్నీ ప్రభుత్వం దయతలచి ఇచ్చేవి, అవీ గెలిచాక. సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలో చదువుకుంటూ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చిన అగసర నందిని లాంటి అమ్మాయికి, గెలవడానికి ముందు నాలుగేళ్ల పాలు, గుడ్లు, స్పైకుల ఖర్చు ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు ఈ పద్ధతిలో జవాబు లేదు.

అలాగని అయిజ కబడ్డీ ఆటగాడి పేరుకు విలువే లేదా? ముంబై కంపెనీ దృష్టిలో లేకపోవచ్చు. గద్వాల స్పోర్ట్స్ దుకాణం, వనపర్తి జిమ్, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీ దృష్టిలో ఉంది. లేకపోతే ఫ్లెక్సీ మీద ఎందుకు వేస్తారు?

చట్టం ఏమంటుందో ఇక్కడ చూడాలి. పేరు, ముఖం మీద హక్కు గురించి మనకు విడిగా చట్టం లేదు. కోర్టు తీర్పుల్లోంచి పుట్టిన హక్కు అది. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, ఒక మనిషి పేరునో రూపాన్నో అతని సమ్మతి లేకుండా ప్రకటనకు వాడుకుంటే అతని గోప్యతకు భంగం కలిగినట్టేనని చెప్పింది. అయితే హక్కుకు హద్దులూ ఉన్నాయి. ఆన్‌లైన్ ఫాంటసీ ఆటల్లో తమ పేర్లు, బొమ్మలు వాడుతున్నారని హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ సహా కొందరు క్రికెటర్లతో కలిసి ఒక సంస్థ వేసిన కేసులో, 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు మధ్యంతర నిషేధం ఇవ్వలేదు. అందరికీ తెలిసిన పేరు, ఆట గణాంకాలు వాడుకోవడాన్ని ఆపలేమంది. అంటే పేపర్లో వార్త వేయడం, స్కోరు చెప్పడం, కార్టూన్ గీయడం వేరు. 'ఈ ఆటగాడు మావాడే, మా సరుకే కొనండి' అన్న భావం కలిగించడం వేరు.

ఈ గీత ఎక్కడుందో సింధు ఉదంతం బాగా చూపిస్తుంది. 2021 ఆగస్టు 1న ఆమె టోక్యోలో కాంస్యం గెలిచిన వెంటనే, ఆమెతో ఏ ఒప్పందమూ లేని పలు కంపెనీలు ఆమె ఫొటో, పక్కన తమ లోగో పెట్టి అభినందనలు కురిపించాయి. ఆమె వ్యవహారాలు చూసే బేస్‌లైన్ వెంచర్స్ ఊరుకోలేదు. ఒక్కో కంపెనీ నుంచి 5 కోట్ల పరిహారం కోరతామని ప్రకటించింది. ప్రకటనల ప్రమాణాల మండలి కూడా అనుమతి లేని ఇలాంటి ప్రచారం తన నియమావళికి విరుద్ధమంది. అభినందించడం కూడా తప్పేనా అని కొందరు వాదించారు. అభినందన తప్పు కాదు, లోగో తప్పు. లోగో లేకుండా అభినందించి ఉంటే ఎవరు కాదన్నారు? మన చౌరస్తా ఫ్లెక్సీ కూడా అదే కొలతకు వస్తుంది. తేడా ఒక్కటే, సింధు వెనుక ఒక మేనేజరు ఉన్నాడు.

విద్యార్థుల ముఖాలతో వ్యాపారం చేయడంలో తెలుగువాళ్లను మించినవాళ్లు లేరు, ఆ మాట ఒప్పుకోవాలి. ఫలితాల మర్నాడు పేపర్ తెరిస్తే మొదటి పేజీ నిండా ర్యాంకర్ల ముఖాలు, హాల్‌టికెట్ నంబర్లతో సహా. ఒకే విద్యార్థి రెండు సంస్థల ప్రకటనల్లో కనబడటం కూడా మనకు అలవాటే. దీని మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. కోచింగ్ సంస్థ విద్యార్థి పేరు, ఫొటో, అభిప్రాయం వాడుకోవాలంటే రాతపూర్వక సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి విద్యార్థి ర్యాంకు సాధించిన తర్వాతే తీసుకోవాలి. చేరేటప్పుడు ఫారం మీద ముందే సంతకం పెట్టించుకుంటే కుదరదు. ఈ ఒక్క షరతులో చాలా వివేకం ఉంది. చేరేటప్పుడు పిల్లవాడికి బేరమాడే శక్తి ఉండదు, గెలిచాక ఉంటుంది.

మరి ఆటగాళ్లకు? అదే మార్గదర్శకాల్లో 'కోచింగ్' నిర్వచనం చదివితే, క్రీడలు, నృత్యం, నాటకం దాని పరిధిలోకి రావని రాసి ఉంది. నీట్ ర్యాంకరుకు దొరికిన రక్షణ, పరుగుల రాణికి దొరకలేదు. ఎందుకు మినహాయించారో ఊహించగలను, ఊళ్లలో కరాటే మాస్టర్లను ఇబ్బంది పెట్టకూడదని కావచ్చు. కాని పెద్ద అకాడమీలకు, స్పోర్ట్స్ కోటాలో ఉచిత సీటిచ్చి పిల్లల ముఖాలతో అడ్మిషన్లు నింపుకునే కాలేజీలకు ఈ వెసులుబాటు ఎందుకో నాకు అర్థం కాదు.

కాబట్టి ప్రస్తుతానికి రక్షణ కాగితంలోనే ఉంది, విత్తన పత్తి రైతు దగ్గర లేని ఆ కాగితంలోనే. స్పోర్ట్స్ దుకాణమో కాలేజీయో ఫొటో అడిగితే, ఇవ్వనని మొండికెయ్యాల్సిన పని లేదు. ఎంతకాలం, ఎక్కడ, దేనికి అని రాయించుకోవాలి. అచ్చేసిన ఒప్పందాల్లో తరచూ 'శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో' అన్న ఒక వాక్యం నక్కి ఉంటుంది. పందొమ్మిదేళ్ల వయసులో 5,000 రూపాయలకు దాని కింద సంతకం పెడితే, ఇరవై ఐదేళ్లకు ఆసియా పతకం వచ్చినా ఆ పాత ఫొటోను వాళ్లు వాడుకోవచ్చు. 'ఏడాది పాటు, జోగులాంబ గద్వాల జిల్లాలో, ఫ్లెక్సీలు, ఫేస్‌బుక్ మాత్రమే' అని మార్పిస్తే సరిపోతుంది. 'ఇంకే షూ కంపెనీకీ చేయరాదు' అన్న షరతు ఉంటే దానికి వేరే ధర అడగాలి. యూనివర్సిటీ జెర్సీ, చిహ్నం యూనివర్సిటీవి, వాటితో ఫొటో ఇవ్వాలంటే వాళ్ల అనుమతీ కావాలి.

ఇంటర్ పిల్లల సంగతి ఇంకాస్త జాగ్రత్త. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లు చేసిన ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద చెల్లదు, తల్లో తండ్రో సంతకం చేయాలి. ఒక ఊరట ఏమిటంటే, పిల్లలు సొంత ప్రతిభతో సంపాదించింది ఆదాయపు పన్ను లెక్కల్లో తల్లిదండ్రుల ఆదాయంలో కలవదు. పెద్ద మొత్తాల మీద కంపెనీ పది శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తుంది. పాన్ ఉండి రిటర్ను వేస్తే, పన్ను పడని ఆదాయమైతే అది వెనక్కి వస్తుంది.

డబ్బుతో బాధ్యతా వస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు ప్రకటనలో ముఖం చూపించినవాళ్లకూ 10 లక్షల దాకా జరిమానా పడవచ్చు, ఏడాది దాకా ప్రకటనలు చేయకుండా నిషేధమూ ఉంటుంది. విచారించే చేశామని చూపగలిగితే తప్ప బయటపడలేరు. 2025లో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద హైదరాబాద్‌లో సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద కేసులు పడ్డది చూశాం. ఊళ్లో పది వేలమంది ఫాలోవర్లున్న కాలేజీ క్రికెటర్‌కు మొదట ఫోను చేసేది షూ కంపెనీ కాదు, ఇలాంటి యాప్‌లవాళ్లే. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన కొత్తలో, ఒంటికి మంచిది కాదని కూల్‌డ్రింకు ప్రకటనను వద్దన్నాడు. అప్పట్లో అది చాలామందికి వింతగా తోచింది. పేరు మీద హక్కంటే కాదనే హక్కు కూడా.

పాలమూరు యూనివర్సిటీ గాని, జిల్లా క్రీడాధికారి కార్యాలయం గాని దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఫామ్-3 ఇచ్చే రోజునే దాంతో పాటు తెలుగులో ఒక పేజీ సమ్మతి పత్రం నమూనా చేతిలో పెట్టవచ్చు. ఎవరు వాడుకుంటారు, దేనికి, ఎన్నాళ్లు, ఎంతకు – నాలుగు గడులు, కింద రెండు సంతకాలు, రెండు నకళ్లు. ఒక నకలు ఆటగాడి దగ్గర ఉండాలి.